గోపురం నీడ పడని రేవు

నెల్లూరు, హాస్టల్
22 జూన్ 2025, ఆదివారం

బడేసాహెబ్ మామకు,
హీనా సలాములు.

ఈ రోజు మొదటి వింత నాకు ఇడ్లీ ప్లేటు కింద దొరికింది. మా మెస్‌లో బల్లల మీద పాత పేపర్లు పరుస్తారు. ప్లేటు పక్కకి జరిపితే సాంబారు మరక కింద ఒక ప్రకటన. నగర దర్శన సమితి వాళ్లు పోయినేడు కొందరికి గైడు కార్డులు ఇచ్చారు కదా, ఈ ఏడు మళ్లీ ఇస్తారట. చూడదగ్గ చోట్ల గురించి ఎనిమిది పేజీల వ్యాఖ్యానం రాసి పంపాలి. తర్వాత అదే చోట నిలబడి కమిటీ ముందు చెప్పాలి. వయసు పట్టింపు లేదు, చదువు పట్టింపు లేదు. సెప్టెంబరు నుంచి మాత్రం కార్డు లేనివాళ్లు ఆ చోట్ల నోరు తెరవకూడదట. ఆ ముక్క చించి దీంతో పెడుతున్నాను. మరక నాదే.

ఇరవై ఏళ్లుగా నీ వ్యాన్‌లో జనాన్ని ఎక్కించుకుని రంగనాయకుల గుడి, పెన్న రేవు, బారాషహీద్ దర్గా, జొన్నవాడ, మైపాడు తిప్పుతున్నావు. నీకు కాక ఇంకెవరికి ఇస్తారు మామా? చెప్పడం నీ పని. రాయడం నాకు వదిలెయ్. ఈ మధ్య నేనొక మాటల పుస్తకం పెట్టుకున్నాను. రోజుకొక కొత్త మాట అందులో రాసుకుంటాను. నిన్నటి మాట ‘సైకతం’. ఇసుక దిబ్బ అని అర్థం. ఎంత బాగుందో చూడు.

నేను చూడని చోట్లు కావులే. జనవరిలో కాలేజీ వాళ్లు మమ్మల్ని మూడు బస్సుల్లో ఊరంతా తిప్పారని చెప్పాను కదా. ఆ సాయంత్రం అమ్మ చిట్టమూరు నుంచి ఎవరితోనో పంపిన పులిబొంగరాలు తింటూ గదిలో అందరం అవే కబుర్లు.

ఫోన్ చేద్దామంటే ఆదివారం వార్డెన్ ఫోన్ ముందు నలభై మంది. అందుకే ఇక నుంచి ఉత్తరాలు. మా మెస్‌లో వంట చేసే పోలేరయ్య అన్న మీ కోవూరు వాడే. రోజూ సాయంత్రం సైకిల్ మీద పెన్న వంతెన దాటుతాడు. ఆయనే మన పోస్టుమాన్.

నీ మేనకోడలు
హీనా

కోవూరు
29 జూన్

అమ్మణ్ణీ హీనా,
దీవెనలు.

పేపరు ముక్క అందింది. తేదీ కాడ సాంబారు ఉండాది, కనపడలా. పోలేరయ్యని అడిగి ఇంకో పేపరు తెప్పించి చూసుకున్నా. అప్లికేషన్ పెట్టినా.

పెట్టాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించినా. ఎందుకు పెట్టినానో చెప్తా. పోయిన వారం గూడూరు నుంచి ఒక కుటుంబాన్ని తీసుకొచ్చినా. గుడి ముందర దించి గాలిగోపురం గురించి రెండు మాటలు చెప్తా ఉంటే, పోయినేడు కార్డు తీసుకున్న సుకుమార్ వచ్చినాడు. మర్యాదగానే మాట్లాడినాడు. “అన్నా, నువ్వు బండి కాడ ఉండు. చెప్పేదానికి మేముండాం కదా” అన్నాడు. నేను పోయి బండి కాడ నిలబడినా. వాళ్ల పాప తిరిగొచ్చి, “నువ్వు ఉత్త డ్రైవరువేనా తాతా?” అని అడిగింది. ఆ పాప తప్పేం లేదు.

నువ్వు రాయి. రాసింది అక్షరం పోకుండా బట్టీ పడతా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నువ్వొక్కదానివే. నీ రాతకి నేను వంక పెట్టను.

మీ అత్త నిన్ను సరిగ్గా తినమని చెప్పమంది.

మీ మామ
బడేసాహెబ్

నెల్లూరు, హాస్టల్
13 జూలై

మామకు సలాములు.

ఎనిమిది పేజీలూ పంపుతున్నాను. ఇవి రాయడానికి ఎన్ని తిప్పలు పడ్డానో ఒక్కటొక్కటే చెప్తే ఇంకో ఎనిమిది పేజీలవుతుంది. లైబ్రరీలో జిల్లా గురించి ఒకే ఒక్క పుస్తకం ఉంది. అందులో నెల్లూరు పట్టణం ఉన్న పేజీల్లో మూడు ఎవరో చింపుకుపోయారు. గదికి ఇవ్వమంటే ఇంటర్ వాళ్లకి ఇవ్వరన్నారు. అక్కడే కూర్చుని రాసుకుంటానంటే స్టడీ అవర్‌లో లైబ్రరీ మూస్తామన్నారు. మరి తెరిచేది ఎప్పుడని అడిగితే, మేం క్లాసులో ఉన్నప్పుడట. చివరికి భోజనం మానేసి ఆ అరగంటలో రాసుకున్నాను. అత్తకి ఈ మాట చెప్పకు.

నాకు అన్నిటికంటే నచ్చింది రేవు దగ్గర చెప్పే భాగం. నువ్వు మెట్ల మీద నిలబడి, నదివైపు చెయ్యి చాపి ఇలా అనాలి:

“ఎదుట గలగల పారుతున్నది పినాకిని. ప్రభాత వేళ గాలిగోపురపు నీడ ఈ అలల మీద వాలి, ఉయ్యాల ఊగినట్టు ఊగుతుంది. అల్లంత దూరాన సైకతాలు వెండి దుప్పట్లు కప్పుకుని నిద్రపోతుంటాయి.”

చదువుతుంటే నాకే ఒళ్లు పులకరించింది. ‘పినాకిని’ అనే చోట కాస్త ఆగు. ‘వెండి దుప్పట్లు’ అనే చోట గొంతు తగ్గించు. ఒక్క అక్షరం కూడా మార్చకు.

హీనా

కోవూరు
27 జూలై

అమ్మణ్ణీ,

ఎనిమిది పేజీలకీ కాపీ తీసి కమిటీకి పంపినా. నాకు నోటికొచ్చినాయి. బండి కడిగేటప్పుడు, డీజిల్ కోసం నిలబడినప్పుడు అదే పని. మీ అత్తకి కూడా సగం వచ్చేసింది.

పోయిన ఆదివారం చిల్లకూరు రమణయ్య గారని రైతు, వాళ్ల ఇంటోళ్లు ఆరుగురు నా బండిలో వచ్చినారు. వాళ్లకి చెప్పి చూసినా. గుడి కాడ బాగానే విన్నారు. రేవు కాడ కొంచెం తేడా వచ్చింది. పెద్దది కాదు. రమణయ్య గారు మంచాయన.

నిన్ను రెండు సంగతులు అడగాల. జనవరిలో మీరు పోయినప్పుడు రేవులో నీళ్లుండినాయా? ఇప్పుడైతే ఆనకట్ట కిందవైపు అంతా ఇసకే. అక్కడక్కడా మడుగులు. నువ్వు గలగల అని రాసినావు కదా, అందుకని అడుగుతున్నా.

రెండోది, పొద్దున గోపురం నీడ అలల మీద పడతాదని రాసినావు. ఇరవై ఏళ్లుగా పోతున్నా, నేనెప్పుడూ గమనించలా. నాకే సిగ్గేసింది. మంగళవారం తెల్లారి పోయి రేవు కాడ కూర్చున్నా. నీడ రాలా. మబ్బు పట్టిందేమోనని బుధవారం పోయినా. ఎండ బాగా వచ్చింది. నీడ పేట ఇళ్ల మీదికి పోయింది, ఏటివైపు రాలా. గురువారం కూడా పోయినా. ఏ నెలలో పడతాదో పుస్తకంలో ఏమన్నా రాసుంటే చెప్పు. ఆ నెలలో పోయి చూస్తా.

మామ

నెల్లూరు, హాస్టల్
3 ఆగస్టు

మామకు,

నీ ఉత్తరం చదివి నాకు ఏడుపు, కోపం కలిసొచ్చాయి. అది వర్ణన మామా. వర్ణనని ఎండలో కూర్చుని కొలవకూడదు. నీడ పడిందా లేదా అని మూడు రోజులు కాపలా కాసేవాళ్లు ఉంటారని తెలిస్తే ఎవరూ ఏమీ రాయలేరు. నదిని నది అనక ఇసుక అంటే, చూడవచ్చిన వాళ్లు ఎందుకు చూస్తారు? వాళ్లకి అందంగా చెప్పాలి. నువ్వు పదో తరగతి దాకా చదివి వదిలేశావు కాబట్టి నీకు ఈ తేడా తెలియడం లేదు.

ఇక్కడ నా బాధలు నాకున్నాయి. వారం పరీక్షలో ఫిజిక్స్‌లో పన్నెండు మార్కులు తగ్గాయి. నా మాటల పుస్తకాన్ని వార్డెన్ కరుణాకుమారి మేడమ్ తీసేసుకున్నారు. సిలబస్‌లో లేని పుస్తకాలు గదిలో ఉండకూడదట. నూట పన్నెండు మాటలు మామా, ఆవిడ బీరువాలో ఉన్నాయి. కిటికీ తీస్తే ఎదురుగా గోడ. గోడ అవతల బస్సు కండక్టరు ‘మైపాడు, మైపాడు’ అని అరుస్తుంటాడు. నాకు ఆ అరుపు వింటే చాలు, పెన్ను విసిరేయాలనిపిస్తుంది.

ఒక్క అక్షరం కూడా మార్చొద్దు. మారుస్తానంటే నా ఎనిమిది పేజీలూ తిప్పి పంపు.

హీనా

కోవూరు
8 ఆగస్టు

హీనాకు,

సరేనమ్మా. అక్షరం మార్చను.

కమిటీ వాళ్లు పదిహేడో తేదీ ఆదివారం రమ్మన్నారు. ముందు గుడి, తర్వాత రేవు.

నీ మాటల పుస్తకం గురించి దిగులు పడొద్దు. నేను కొత్త నోటుబుక్కు కొని పోలేరయ్య చేతికి ఇచ్చినా. సంచిలో బియ్యం కింద పెట్టి తెస్తానన్నాడు.

బడేసాహెబ్

నెల్లూరు, హాస్టల్
15 ఆగస్టు

మామకు సలాములు.

నోటుబుక్కు అందింది. బియ్యపు గింజలు ఇంకా పేజీల మధ్య దొరుకుతున్నాయి.

ఈ రోజు జెండా పండుగ కదా, మమ్మల్ని గేటు దాకా రానిచ్చారు. గేటు సందులోంచి రోడ్డు కనపడింది. చిక్కటి నీలం రంగు వ్యాన్ పోతే నీదేమో అనుకుని చెయ్యి ఊపాను. ఎవరో తెలియని ముసలాయన తిరిగి చెయ్యి ఊపాడు.

పదో తరగతి సంగతి నేను రాయకుండా ఉండాల్సింది. చెరిపేద్దామంటే అప్పటికే పోలేరయ్య అన్న వంతెన దాటేశాడు.

ఎల్లుండి బాగా చెప్పు.

హీనా

కోవూరు
18 ఆగస్టు

అమ్మణ్ణీ,

నిన్న జరిగింది జరిగినట్టు రాస్తా.

కమిటీలో ముగ్గురు. మాట్లాడింది మాత్రం ఉషారాణి గారనే మేడమ్. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైనారంట. గుడి ముందర నేను చెప్పింది ఆవిడ తలాడిస్తా విన్నారు. సుకుమార్ కూడా పక్కన నిలబడి ఉన్నాడు.

తర్వాత రేవుకి పోయినాం. నేను మెట్ల మీద నిలబడి, నువ్వు చెప్పినట్టే చెయ్యి చాపి, “ఎదుట గలగల పారుతున్నది పినాకిని” అని ఆగినా. ఎదుట పిలకాయలు ఇసకలో క్రికెట్ ఆడతా ఉండారు. నేను ఆగిన టయానికి వాళ్ల బంతి దొర్లుకుంటా వచ్చి నా కాలికి తగిలింది. ఒక పిలకాయ వచ్చి, “తాతా, కొంచెం జరుగు” అన్నాడు. సుకుమార్ నవ్వు ఆపుకోలేక అటు తిరిగినాడు.

ఉషారాణి గారు నవ్వలా. “పారేది ఎక్కడయ్యా?” అని అడిగినారు. కాయితంలో తర్వాత నీడ ఉండాది కదా, అది చెప్పినా. ఆవిడ వెనక్కి తిరిగి గోపురాన్ని చూసినారు. ఏటిని చూసినారు. మళ్లీ నన్ను చూసినారు.

“ఇది బాగా చదువుకున్నవాళ్లు రాసింది. చూసినవాళ్లు రాసింది కాదు. ఎవరు రాశారు?” అన్నారు.

నేనే రాసినానన్నా.

ముప్పై ఒకటో తేదీ పది గంటలకి ఇంకొక్కసారి రమ్మన్నారు. అదే ఆఖరు. చిల్లకూరు రమణయ్య గారి ఇంటోళ్లు కూడా ఆ రోజు రేవు కాడ నవ్వినారు. అప్పుడు నీకు రాయలా. రాసుంటే బాగుండేది.

దీనికి నువ్వు అన్నం మానొద్దు.

మామ

నెల్లూరు, హాస్టల్
21 ఆగస్టు

మామకు,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టాను. నా కొత్త నోటుబుక్కులో ఉన్న ఏ మాటా దీనికి పనికి రాలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

నేను రేవు చూడలేదు. గుడి చూడలేదు. దర్గా చూడలేదు, మైపాడు చూడలేదు. జనవరిలో బస్సులు వెళ్లిన రోజు, మార్కులు తక్కువ వచ్చిన పన్నెండు మందిని స్టడీ హాల్లో కూర్చోబెట్టారు. అందులో నేనొకదాన్ని. నువ్వు అందరికీ మా హీనా నెల్లూరులో చదువుతోందని గొప్పగా చెప్పుకుంటావు. ఏడాదిగా నెల్లూరులో నేను చూసింది హాస్టల్, కాలేజీ, రెంటికీ మధ్య ఉన్న గోడ. ఆ సంగతి నీకు చెప్పలేక చూశానన్నాను. తర్వాత అదే అబద్ధం మీద ఎనిమిది పేజీలు కట్టాను. నీడ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. నేనే కల్పించాను. నువ్వు మూడు రోజులు దాని కోసం కూర్చున్నావు. నేనేమో నీ చదువుని ఎత్తిపొడిచాను.

ముప్పై ఒకటి లోపల ఒక్కసారి వచ్చి రేవు చూద్దామని నిన్న ఔటింగ్ పాస్ అడిగాను. ఫారంలో కారణాలు నాలుగే అచ్చు వేశారు: అనారోగ్యం, పెళ్లి, మరణం, పండుగ. ఏదీ కాదన్నాను. అయితే పాస్ లేదన్నారు. ఈ రోజు మళ్లీ వెళ్తే, సంరక్షకుడి ఫోటో అతికించలేదని తిప్పి పంపారు. ఫోటో ఉంటే ఇస్తారా అని అడిగితే, కారణం లేదు కదా అన్నారు. ఈ ఊళ్లో ఎవరో ఒకరు చచ్చిపోతే తప్ప ఈ ఊరు చూడలేను మామా.

కార్డు రాకపోతే అది నా వల్లే. కమిటీకి నిజం చెప్పు. నా పేరు చెప్పు.

హీనా

కోవూరు
25 ఆగస్టు

అమ్మణ్ణీ,

నువ్వు చూడలేదని నాకు జనవరిలోనే తెలుసు.

మీ బస్సులు గుడి కాడికి వస్తాయని విని, ఆ రోజు నేను బాడుగ మానుకుని వచ్చినా. నువ్వు దిగంగానే ఎదురుగా నిలబడదామని. మూడు బస్సుల్లో ఆడపిల్లలందరినీ లెక్కబెట్టినా. నువ్వు దిగలా. ఒక టీచరమ్మని అడిగితే హాస్టల్లోనే ఉండావని చెప్పింది. ఆ పులిబొంగరాలు మీ అమ్మ పంపినవి కావు. మీ అత్త చేసింది. మీ గేటు కాడ వాచ్‌మన్‌కి ఇచ్చి వచ్చేసినా. నువ్వు చూశానని చెప్తే, పోనీలే, బిడ్డ చిన్నబుచ్చుకుంటాదని ఊరుకున్నా. రేవులో నీళ్లుండినాయా అని నిన్ను అడిగినప్పుడు కూడా ఏమీ తెలీనట్టే అడిగినా.

మరి రాసింది ఎందుకు నమ్మినావంటే, నువ్వు చూడకపోయినా పుస్తకంలో ఉంటాది కదా అనుకున్నా. నా కంటికి కనపడకపోతే నా కన్నే సరిగా లేదనుకున్నా. పెద్ద చదువు కాడ మాకు అట్టాగే అలవాటు.

నీ పేరు నేను చెప్పను. ఆ మాట మళ్లీ రాయొద్దు.

ఇంతకుముందు రేవు కాడ నేనేం చేసేవాణ్ణో చెప్తా. ఎండాకాలంలో వచ్చినవాళ్లందరూ అడిగే మాట ఒకటే, నది ఏదీ అని. నేనేం చెప్పేవాణ్ణి కాదు. చెప్పులు విప్పించి ఇసకలోకి తీసకపోయేవాణ్ణి. మోకాళ్ల మీద కూర్చుని చేత్తో చెలమ తవ్వమనేవాణ్ణి. మోచెయ్యి దాకా తవ్వేసరికి చేతికి తడి తగులుతాది. ఇంకొంచెం తవ్వితే అడుగు నుంచి నీళ్లు ఊరతాయి. ముందు బురదగా ఉంటాయి. కాసేపు కదలకుండా కూర్చుంటే తేరుకుంటాయి. కొబ్బరి చిప్పతో ముంచి మొహానికి చల్లుకోమనేవాణ్ణి. అప్పుడు చెప్పేవాణ్ణి, “ఇదే పెన్న. మీరు దాని మీదనే నిలబడి ఉండారు” అని. పెద్దపెద్ద ఆఫీసర్లు కూడా చొక్కా చేతులు మడుచుకుని తవ్వినారు.

నీ కాయితం వచ్చినాక అది మానేసినా. మోటుగా ఉంటాదేమో అనిపించింది. ఉషారాణి గారంతటి మేడమ్‌ని ఇసకలో కూర్చోమంటే బాగుంటుందా? నువ్వే చెప్పు. నువ్వు ఎట్టా అంటే అట్టా చేస్తా.

మామ

నెల్లూరు, హాస్టల్
30 ఆగస్టు, శనివారం సాయంత్రం

మామకు సలాములు.

పోలేరయ్య అన్న సైకిల్ పట్టుకుని వంటింటి వెనక నిలబడి ఉన్నాడు. త్వరగా రాయమంటున్నాడు.

పొద్దున మూడోసారి పాస్ అడగడానికి వెళ్లాను. కరుణాకుమారి మేడమ్ మళ్లీ అదే ఫారం తీశారు. నాకిక వాదించే ఓపిక లేదు. నీ ఉత్తరమే ఆవిడ బల్ల మీద పెట్టాను. రెండుసార్లు చదివారు. చదివి, కిటికీలోంచి ఆ గోడనే చూశారు. “నేను వచ్చి తొమ్మిదేళ్లయింది. రేవుకి వెళ్లింది రెండుసార్లు” అన్నారు. తర్వాత ఆ నాలుగు కారణాల కింద తన పెన్నుతో అయిదోది రాశారు: ఊరు చూడటానికి. సంతకం పెట్టారు. బీరువాలోంచి నా పాత మాటల పుస్తకం తీసి ఇచ్చారు. రేపు పొద్దున అయిదున్నరకి వెళ్లి ఎనిమిదింటికల్లా గేటు లోపల ఉండాలి, తొమ్మిదికి పరీక్ష ఉంది, ఒక్క నిమిషం ఆలస్యమైతే ఈ ఏడాదికి ఇదే ఆఖరు పాస్ అన్నారు. సంరక్షకుడి ఫోటో సంగతి ఆవిడా ఎత్తలేదు, నేనూ గుర్తు చేయలేదు.

మైపాడు చూడలేను. దర్గా చూడలేను. కమిటీ ముందు నువ్వు నిలబడేటప్పుడు నేను పరీక్ష హాల్లో ఉంటాను. నువ్వు ఇరవై ఏళ్లుగా తిప్పి చూపిస్తున్న ఊరికి నాకు రెండున్నర గంటలిచ్చారు. తలుచుకుంటే ఇప్పటికీ మండుకొస్తోంది. అయినా రేవు ఒక్కటీ చాలు.

‘చెలమ’ అనే మాట నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మన చిట్టమూరులో ఎవరికి తెలియదు? నూట పన్నెండు మాటల్లో దాన్ని మాత్రం రాసుకోలేదు. ఇందాక నూట పదమూడోదిగా రాశాను.

ఉషారాణి మేడమ్‌ని ఇసకలో కూర్చోమనవచ్చా అని అడిగావు. రేపు ముందు నన్ను కూర్చోబెట్టు. నా ఎనిమిది పేజీలు బండిలోనే వదిలెయ్. నేను చిల్లకూరు నుంచో గూడూరు నుంచో మొదటిసారి వచ్చినదాన్ని అనుకో. నది ఏదీ అని అడుగుతాను. నువ్వు ఇరవై ఏళ్లుగా చేసినట్టే చెయ్యి, చెప్పినట్టే చెప్పు. ఎక్కడన్నా నాకు అర్థం కాకపోతే ఆపుతాను. అర్థమైతే, పది గంటలకి ఆవిడకీ అలాగే చెప్పు.

అయిదున్నరకి గేటు దగ్గర ఉంటాను. హారన్ కొట్టకు, వాచ్‌మన్‌కి నచ్చదు. కొబ్బరి చిప్పలు రెండు తీసుకురా. ఒకటి పొద్దున నాకు, రెండోది పది గంటలకి ఆవిడకి.

హీనా